తోలు, రీడ్లు, ఉద్దెర

వాద్యాలు అమ్మే దుకాణం అమ్మకాల మీద బతుకుతుందని మా ఊళ్లో అందరూ అనుకునేవారు. నల్లగొండలో గానీ పాలమూరులో గానీ ఆ కొట్టు పెట్టినవాళ్లెవరూ అట్లా బతకలేదు. ఒకసారి హార్మోనియం కొన్న ఊరు ఇంకో హార్మోనియం కొనడానికి ఒక తరం పట్టేది. అంతవరకు దుకాణదారు ఏం తినాలి? తబలాకు మూత కట్టి తినాలి. మూగబోయిన రీడును గీకి తినాలి. తిత్తి చిరిగితే అతికి తినాలి. చిరుతలకు గజ్జెలు, తాళాలకు తాళ్లు, మద్దెలకు వార్లు, ఇవే రోజూ గల్లాలో పడే చిల్లర. కొత్త పెట్టె అమ్ముడుపోయిన రోజు దుకాణంలో మిఠాయి పంచేవారు. అటువంటి రోజులు ఏడాదికి ఎన్నో వచ్చేవి కావు.

నల్లగొండ గడియారం సెంటర్ నుంచి ప్రకాశం బజారు వైపు పోతుంటే, గాజుల కొట్టుకూ కిరాణానికీ నడుమ అటువంటి దుకాణం ఒకటి నా చిన్నతనంలో ఉండేది. 1970ల మాట. పైన దూలానికి కొక్కేలు, వాటికి ఢోలక్‌లు, ఖంజీరలు, గుత్తులుగా కట్టిన గజ్జెలు. గోడకు ఆనించి హార్మోనియంలు, వాటి మీద దుమ్ము పడకుండా పాత దుప్పటి. నేల మీద సగం విప్పిన తబలా, పక్కన తోలు నానబెట్టిన బేసిన్. ఆ బేసిన్ వాసనే దుకాణానికి బోర్డు. బట్టల కోసం బజారుకొచ్చిన ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దాటిపోయేవారు. భజన మండళ్ల వాళ్లు మాత్రం లోపలికి ఒంగి, అరుగు మీద తీరికగా కూర్చునేవారు.

దుకాణదారును అందరూ ఉస్తాద్ అనేవారు. హైదరాబాద్ పాతబస్తీలో పని నేర్చుకుని వచ్చిన మనిషి. పాడేవాడు కాదు, కచేరీల్లో ఎప్పుడూ కనిపించలేదు. చెవి మాత్రం అసాధ్యం. తబలా మీద ఒక్క వేలు తాటించి, తల కొంచెం వంచి, "ఇది మీ పెట్టెతోని కలవది పటేలా, ఇంకో పావు ఎక్కాలె" అనేవాడు. ఆయన మాటలో సగం ఉర్దూ ఉండేది, బేరం మాత్రం నిఖార్సయిన తెలుగులో సాగేది.

మా నాయిన ఊరి భజనలో పెట్టె వాయించేవాడు. శ్రీరామనవమికి ముందొకసారి, శ్రావణానికి ముందొకసారి దాన్ని దుప్పట్లో మూటగట్టి నల్లగొండ తెచ్చేవాడు. బస్సు పైన వేయనిచ్చేవాడు కాదు, ఒళ్లో పెట్టుకునేవాడు. కండక్టరు లగేజీ టికెట్ కొట్టబోతే "దేవుని సామాను సారూ, దీనికీ టికెట్టేనా" అని వాదన. కొందరు కండక్టర్లు నవ్వి వదిలేసేవారు. కొందరికి దేవుడైనా టమాటాల గంపైనా ఒకటే.

పెట్టె విప్పితే లోపలి లోకం వేరు. వరుసగా ఇత్తడి నాలుకలు, ఒక్కో స్వరానికి ఒకటో రెండో మూడో. ఊపిరి తగిలితే ఆ నాలుక ఆడుతుంది, స్వరం పలుకుతుంది. దుమ్ము కణం ఒకటి ఇరుక్కున్నా మూగబోతుంది, ఎండిన బొద్దింక కాలు చాలు. ఉస్తాద్ పలుచని కాగితం ముక్కను నాలుక కింద దూర్చి మెల్లగా లాగేవాడు. సగం రోగాలు దాంతోనే పోయేవి. శ్రుతి తప్పిన రీడుకు మాత్రం గీకుడే మందు. కొన దగ్గర గీకితే నాలుక తేలికై స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. రెండు మూడు సార్లు గీకి, పెట్టెలో పెట్టి వాయించి, మళ్లీ తీసి గీకి, ఒక్క స్వరం దగ్గర పొద్దు గుంకేది. ఎక్కువ గీకితే నాలుక విరుగుతుంది, మళ్లీ కొత్తది కొనాలి. పాత పెట్టెల్లో జర్మనీ రీడ్లుండేవి, తర్వాతి వాటిలో గుజరాత్‌లోని పాలిటాణా రీడ్లు. జర్మనీ రీడు ఉన్న పెట్టెకు మా పల్లెల్లో పెద్ద పేరు. పెట్టె పాడైపోయి పొయ్యిలోకి పోయినా రీడ్లను ఊడదీసి గుడ్డలో కట్టి దాచుకున్న ఇళ్లు నేనెరుగుదును.

ఈ పెట్టె మనది కాదని పండితులు పోట్లాడుకున్న కాలం కూడా ఒకటుంది. 1840ల ప్యారిస్‌లో పుట్టిన వాద్యం, కాళ్లతో తొక్కేది. పంతొమ్మిదో శతాబ్దం చివరలో కలకత్తా ద్వార్కిన్ కంపెనీ ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని చేత్తో తిత్తి కొట్టుకునేట్టు మార్చాడు. గమకం పలకదని, మన శ్రుతులకు సరిపడదని ఆకాశవాణి 1940లో దాన్ని స్టూడియోల్లోకి రానివ్వద్దని నిర్ణయించి, 1971 దాకా పట్టుబట్టింది. ఆ నిషేధం సంగతి నల్లగొండ తాలూకాలో ఒక్క భజన మండలికైనా తెలుసునని నేననుకోను. రేడియోలో పెట్టె మోగని ఆ మూడు దశాబ్దాల్లోనే మా వైపు అది గుడిగుడికీ చేరింది.

దుకాణానికి పంచాంగం ఉండేది. శ్రావణం, కార్తీకం, ధనుర్మాసం భజనల నెలలు. ఏకాహం, సప్తాహం పెట్టుకున్న ఊళ్లు ముందే వచ్చి తబలా మూతలు మార్పించుకునేవి, ఏడు రోజులు రాత్రింబగళ్లు ఆపకుండా వాయిస్తే పాత తోలు నిలవదు కనుక. వానాకాలం తోలు వదులై మద్దెల బుస్సుమనేది. మా మెట్ట ప్రాంతపు ఎండలకు పెట్టెల చెక్క పగిలి, అతుకులు విడిచి, గాలి ఎక్కడినుంచి పోతుందో వెతకడమే ఒక పని. సూర్యాపేట దగ్గర దురాజుపల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకోసారి. అది వచ్చే ఏడు గజ్జెలకు ఎక్కడలేని గిరాకి. యాదవులు గజ్జెల లాగులు తొడిగి, కటార్లు తిప్పుతూ, భేరీల మధ్య గట్టెక్కుతారు. లాగుకు కుట్టే గజ్జెలను తూకం వేసి అమ్మేవారు, కంచువైతే ఒక ధర, ఇత్తడివైతే ఇంకో ధర. గజ్జెను చెవి దగ్గర ఊపి చూడకుండా ఏ గొల్ల పెద్దమనిషీ పైసలు తీసేవాడు కాదు.

అన్నిటికంటే పెద్ద బేరం చిరుతల రామాయణం. కోతలు అయిపోయి చేతిలో ఇంత పైకం ఆడే రోజుల్లో ఏదో ఊరికి గురువు దిగేవాడు. పగలంతా ఎవరింట్లోనో తిని పడుకోవడం, రాత్రి పెట్రోమాక్స్ వెలుగులో ఊరి కుర్రాళ్లకు పాటలు, అడుగులు నేర్పడం. రైతుల పిల్లలు, గౌండ్ల పిల్లలు, సాలోళ్ల పిల్లలు, గొల్లల పిల్లలు చేతుల్లో చిరుతలు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ నెలల తరబడి నేర్చుకునేవారు. ఆడవేషాలకూ వాళ్లే. ఊరు చందాలు వేసుకుని పెట్టె, మద్దెల, జతలకొద్దీ చిరుతలు, గజ్జెలు కొనాలి. ఆ రోజు దుకాణం ముందు ఎడ్లబండి ఆగేది. గురువు లోపలికి వచ్చి, ఒక్కో పెట్టె మీద చెయ్యి వేసి, గొంతు కలిపి చూసి ఒకదాన్ని ఖాయం చేసేవాడు. రాత్రంతా ఆరుబయట మైకు లేకుండా పాడాలి, కాబట్టి శ్రుతి ఎక్కువగా ఉండాలి, గొంతు చావకూడదు. గురువుకు దుకాణంలో ప్రత్యేకంగా మలాయి చాయ్ వచ్చేది, ఊరివాళ్లకు మామూలు చాయ్. గురువు చెప్పిన పెట్టెనే ఊరు కొనేది. అందులో గురువుకు ఎంత ముట్టేదో ఆయనకు, ఉస్తాద్‌కు, పైనున్న రాములవారికి తెలియాలి.

ఆ బేరాల్లో సగం ఉద్దెర. ఎర్ర గుడ్డ అట్ట ఖాతా పుస్తకంలో మనిషి పేరు ఉండేది కాదు, ఊరి పేరు ఉండేది. ఫలానా ఊరి రామాలయం, ఇంత బాకీ. వడ్లు అమ్మినంక ఇస్తామనేవారు, ఇచ్చేవారు కూడా. కరువు ఏడు లెక్క తప్పేది. 1972 కరువు నాకు గుర్తుంది. వాన కోసం ఊరూరా భజనలు, కప్పతల్లి ఆటలు, విరాటపర్వం చదివించడం. వానలు లేని ఏడే భజనలు ఎక్కువ, తబలాలు ఎక్కువ పగులుతాయి, బాగు చేయించుకోవడానికి వచ్చేవాళ్లూ ఎక్కువ, చేతిలో పైస మాత్రం ఉండదు. దేవుని పని కాదనలేక ఉస్తాద్ కట్టిచ్చాడు. ఖాతాలో ఆ ఏటి పేజీలు చాలా కాలం కొట్టివేతలు లేకుండా అట్లాగే ఉన్నాయని తర్వాత ఆయనే మా నాయినతో అన్నాడు, ఫిర్యాదు లాగా కాదు, ఆ ఏడు ఎండలు బాగా కొట్టినయ్ అన్నంత మామూలుగా.

నేను కొన్నాళ్లు మహబూబ్‌నగర్‌లో, అంటే పాలమూరులో, పంతులుగా పనిచేశాను. అక్కడి గడియారం చౌరస్తాకు దగ్గర్లో ఇటువంటి కొట్టే ఇంకొకటి. సరుకు కాచిగూడ నుంచి చిన్న పట్టాల రైల్లో వచ్చేది. అక్కడి గిరాకి తీరు వేరు. పాలమూరు భజనలో వేపూరు హనుమద్దాసు కీర్తనలు, రాకమచర్ల వేంకటదాసు కీర్తనలు ప్రాణం. మన్యంకొండ, కురుమూర్తి ఉత్సవాలకు నడిచిపోయే గుంపుల చేతుల్లో తాళాలు, చిరుతలు, పండరి భజన వాళ్ల మెడలో మృదంగం. కాళ్లు కదిలే భజన కాబట్టి పెట్టెను కూడా నడుముకు కట్టుకునేవారు, చిన్నది, తేలికది అడిగేవారు. ఇంకో సంగతి ఆ దుకాణంలోనే తెలిసింది. వలసపోయే పాలమూరు లేబరు గుంపులు ఆనకట్టల పనులకు పోతూ ఒక ఢోలక్, నాలుగు జతల తాళాలు కొనుక్కుపోయేవి. గుంపు మేస్త్రీ కొనేవాడు. పని దగ్గర రాత్రి పాట లేకపోతే కూలీలు నిలవరని ఆయన లెక్క. పీర్ల పండుగకు గుంపులన్నీ ఊళ్లకు తిరిగొస్తే దుకాణంలో మళ్లీ సందడి.

బ్యాండు మేళాల సామాను మా దుకాణాల్లో దొరికేది కాదు. ఆ ఇత్తడి బూరలు ఉత్తరాన మీరట్‌లో, జలీ కోఠీ అనే బజారులో తయారవుతాయి, దేశంలోని బ్యాండు వాళ్లందరికీ అదే కాశి. మావాళ్లు ముగ్గురు నలుగురు జట్టుగా రైలెక్కి పోయి తెచ్చుకునేవారు. క్లారినెట్ పీకలు, సైడ్ డ్రమ్ము పుల్లలు మాత్రం ఇక్కడ దొరికేవి.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఆ దుకాణంలో ఉన్నవాటి కంటే లేనివే ఎక్కువ ఆలోచింపజేస్తున్నాయి. రెండు జిల్లాల్లోనూ ప్రతి ఊళ్లో ప్రతి చావుకూ పెళ్లికీ దేవరకూ మోగేది డప్పు. ఉస్తాద్ కొట్టులో డప్పు ఎన్నడూ లేదు. ఒగ్గువాళ్ల డోలు లేదు. బైండ్లవాళ్ల జమిడిక లేదు. బుడగజంగాల గుమ్మెట లేదు. ఎవరి వాద్యం వాళ్ల ఇంట్లో తయారయ్యేది, తండ్రి కొడుక్కిచ్చేది. అమ్మేది కాదు, ఇంకొకరు ముట్టేదీ కాదు. రామాలయంలోకి పోయే వాద్యాలకు దుకాణం ఉంది, రసీదు ఉంది. గుడి బయట మోగే వాద్యాలకు ఏదీ లేదు. నాకు ఆ వయసులో అది వింతగా తోచలేదు. ఉస్తాద్ బేసిన్‌లో నానే తోలు ఎవరు తెచ్చి ఇస్తున్నారో కూడా నేను అడగలేదు. వాళ్లు దుకాణం ముందు నుంచి రాలేదు, వెనక సందులోంచి వచ్చి ఇచ్చి పోయేవారు.

కిన్నెర సంగతి మరీ వేరు. అది నల్లమల అంచున ఉన్న పల్లెల్లో మాత్రమే మిగిలింది. వెదురు బొంగు, దాని కింద ఎండిన ఆనపకాయ బుర్రలు, తేనె మైనంతో అతికించిన మెట్లు, తంతులు. కడితే వాయించేవాడే కట్టుకోవాలి. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడుతూ ఊళ్లు తిరిగాడు. దొరలను కొట్టి పేదలకు పెట్టాడని పాలమూరు ఇప్పటికీ చెప్పుకునే సాయన్న. 2021లో ఒక పెద్ద సినిమా పాటకు మొగులయ్య గొంతు ముందుమాటైంది, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత ఎంతోమంది కిన్నెర ఎక్కడ దొరుకుతుందని హైదరాబాద్ దుకాణాల్లో అడిగారట. దొరకదు. ఎన్నడూ దొరకలేదు. ఇటువంటి వాద్యాలను జయధీర్ తిరుమలరావు, పాలమూరు విశ్వవిద్యాలయంలో పనిచేసిన గూడూరు మనోజ ఊరూరా తిరిగి సేకరించి మూలధ్వని పేరుతో జనం ముందు పెట్టారు. కొనడానికి వీల్లేని వాటిని కళ్లారా చూసే అవకాశమైనా కలిగింది.

దుకాణం ఎట్లా పోయిందంటే చాలామంది సినిమాలనీ టీవీనీ తిడతారు. నా లెక్కలో కారణం ఇంకా చిన్నది. 1980ల చివరి నుంచి కాసియో కీబోర్డులు మా వైపు రావడం మొదలైంది. దానికి రీడ్లు లేవు, తిత్తి లేదు, ఎండకు పగలదు, వానకు ఉబ్బదు. మీట తిప్పితే ఏ శ్రుతి కావాలంటే ఆ శ్రుతి. జపాన్ రోలాండ్ కంపెనీ 1985లో తెచ్చిన ఆక్టాప్యాడ్ మెల్లగా పెళ్లి ఆర్కెస్ట్రాల దాకా దిగింది. ఎనిమిది రబ్బరు పలకల మీద పుల్లలతో కొడితే తబలా, డప్పు, డోలు అన్నీ పలికాయి. తంబూరా పలికే శ్రుతి పెట్టెలు బెంగళూరు నుంచి వచ్చాయి. గుడిలో హారతి వేళ నగారా, గంట వాటంతట అవే మోగే కరెంటు యంత్రం బిగించాక పిలగాళ్లను పిలిచి కొట్టించే పనే తప్పింది. వీటిని ఎవరూ ఏటా రెండుసార్లు ఒళ్లో పెట్టుకుని నల్లగొండ తేవాల్సిన అవసరం లేదు. చెడిపోతే ఎలక్ట్రానిక్స్ రిపేరు వాడి దగ్గరికి పోతాయి, లేకపోతే మూలన పడతాయి. మరమ్మత్తు మీద బతికే దుకాణానికి మరమ్మత్తు అక్కరలేని వస్తువే గొడ్డలిపెట్టు. కొత్తది కొనాలనుకున్నవాళ్లు నేరుగా హైదరాబాద్ పోయారు, ఇప్పుడు ఫోన్‌లో తెప్పించుకుంటున్నారు.

ఉస్తాద్ పోయాక కొడుకులు కొన్నాళ్లు నడిపారు. తర్వాత సౌండ్ బాక్సులు అద్దెకిచ్చే పనిలోకి మారారు, గణేశ్ నవరాత్రులకు డీజే బండ్లు కట్టారు. వాళ్లను తప్పుపట్టను. తండ్రి చేతి వేళ్ల మీద రంపపు గాట్లు, సున్నపు పుండ్లు చూసి పెరిగిన పిల్లలు. మా ఊరి పెట్టె ఇప్పటికీ రామాలయంలోనే ఉంది, రెండు స్వరాలు పలకవు. భజన చేసేవాళ్లు ఆ రెండు స్వరాలూ రాని పాటలే పాడుతున్నారని మా తమ్ముడి వెక్కిరింత.

విచిత్రం ఏమంటే, ఒకప్పుడు దుకాణానికి రాని డప్పు ఇప్పుడు దుకాణానికి వచ్చింది. తెలంగాణ ఉద్యమంలో 2002 తర్వాత ధూంధాంలు ఊరూరా జరిగినప్పుడు డప్పు వేదికెక్కింది, కాలేజీ పిల్లలు మెడలో వేసుకున్నారు. అంతకు ముందు సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను సాయుధ పోరాటంలోకి తెచ్చినట్టే, ఇప్పుడు డప్పు జెండా అయింది. గిరాకి పెరిగింది, తోలు సరిపోలేదు. ఇనుప చట్రం, దాని మీద ప్లాస్టిక్ పొర, చుట్టూ నట్లు బోల్టులు. వెల్డింగ్ షాపులో చట్రం చేయిస్తారు. నిప్పుల మీద కాచే పని లేదు, వానలో తడిసినా మోగుతుంది.

ఆ ప్లాస్టిక్ డప్పు మోత నాకు చెవికి ఎక్కదు. కట్టె చట్రానికి చింతగింజల అంబలితో తోలు అతికించి, ఎండలో ఆరబెట్టి, మంట దగ్గర సెగ చూపించి, సిర్ర తాకించినప్పుడు లేచే గంభీరం దీనిలో లేదు. దేవరకొండ వైపు ఒక పెళ్లిలో ఇదే మాట డప్పు జట్టు పెద్దతో అన్నాను. ఆయన నాకంటే కొంచెం చిన్నవాడు. "తోలు మీరెన్నడన్న గీకిండ్రా సారూ" అన్నాడు. లేదన్నాను. "మా నాయిన ఊరంతటికీ కొట్టిండు. కళ్లం కాడ ఇన్ని గింజలు పోసేటోళ్లు, పోయకపోతే అడిగే దిక్కు లేకపాయె. సావుకు పిలిస్తే రాత్రనక పగలనక పోవాలె. సప్పుడు బాగుండెనంటరు మీరు" అని నవ్వాడు.

ఆయన జట్టులో పన్నెండు మంది, అందరికీ ఒకే రంగు చొక్కాలు. పెళ్లికి రేటు ముందే ఖాయం, సగం బయానా ఫోన్‌లో పడకపోతే ఊరు కదలరు, ఉద్దెర మాట ఎత్తనివ్వరు. పెళ్లివారు మిగతా సగం కట్నాలు చదివించాక ఇస్తామంటే, ఆయన డప్పు కింద పెట్టి, బరాత్ మొదలు కాకముందే ఇప్పించుకున్నాడు.